ఎనిమిదవ సంతానం

పాఠ్యభాగ ఉద్దేశం

అణుశక్తి వినియోగం వల్ల ఏర్పడే వ్యర్థాలను భద్రపరచిన స్థలాలు కాలం గడచిన కొద్దీ పర్యావరణానికి ఎటువంటి ముప్పు కలిగిస్తాయో, ఆ ముప్పును నివారించడానికి సమాజం వహించవలసిన బాధ్యత ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

మనిషి తాను గతించిన తరువాత కూడా లోకంలో తన పేరు నిలవాలని కోరుకుంటాడు. ఆ కోరికను మన పూర్వులు లోకోపకారం వైపు మళ్లించారు. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, ప్రబంధం, పుత్రుడు అనే ఏడింటిని సప్తసంతానాలుగా పేర్కొన్నారు. కన్నకొడుకుతో సమానంగా చెరువును, తోటను, కావ్యాన్ని లెక్కించడంలో ఒక ఉదాత్తమైన భావన ఉంది. తాను అనుభవించగా మిగిలినది సంతానం కాదు. రాబోయే వారి కోసం బుద్ధిపూర్వకంగా మిగిల్చి వెళ్లేదే సంతానమని వారి అభిప్రాయం.

ఈ ఏడింటిలో తెలంగాణ ప్రజల జీవనంతో మిక్కిలి పెనవేసుకొన్నది తటాకం. కరీంనగర్ ప్రాంతంలోని జమ్మికుంట పేరులోనే కుంట ఉంది. ఊరి పేరు చివర కుంట, చెరువు, సముద్రం అనే మాటలు చేరడం ఈ నేలలో సర్వసాధారణం. కాకతీయుల కాలంలో వెలసిన రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు దాదాపు ఎనిమిది వందల ఏండ్లు గడచినా నేటికీ పొలాలకు నీరందిస్తున్నాయి.

ఆ చెరువులు ఇంతకాలం నిలవడానికి కట్ట గట్టిగా ఉండడం ఒక్కటే కారణం కాదు. ప్రతి చెరువుకు ఒక నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో అతనికి తెలుసు. వానకాలంలో మత్తడి దూకుతున్నప్పుడు కట్ట మీద తిరుగుతూ, ఎక్కడైనా నీరు చెమ్మగిల్లుతున్నదేమో చూసేవాడు. చెరువుల మరమ్మతు కోసం దశబంధం పేరుతో భూములను, ఆదాయాన్ని కేటాయించిన సంగతి శాసనాల వల్ల తెలుస్తున్నది. ఏటేటా పూడిక తీసి, ఆ ఒండ్రును పొలాలకు తోలుకొనేవారు. ఈ ఏర్పాట్లు చెడిపోయిన కాలంలో చెరువులు పూడిపోయాయి, కట్టలకు గండ్లు పడ్డాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకోవలసి రావడానికి ఈ నిర్లక్ష్యమే కారణం. కట్టించిన వాడి గొప్పతనం వల్ల చెరువు పుడుతుంది. కాచేవాడి శ్రద్ధ వల్ల బ్రతుకుతుంది.

ఇరవయ్యవ శతాబ్దం ఈ సప్తసంతానాలకు తోడుగా ఎనిమిదవదానిని లోకానికి ఇచ్చింది. అది అణువ్యర్థం. ఎవరూ కోరి కనని సంతానమిది. అయినా దీనిని కూడా రాబోయే తరాల వారికే అప్పగిస్తున్నాము. చెరువు విషయంలో కాపలా తప్పితే పంట నష్టపోతుంది. ఈ సంతానం విషయంలో కాపలా తప్పితే నీరు, నేల, గాలి మూడూ విషపూరితమవుతాయి.

అణువ్యర్థం స్వభావం తెలుసుకొంటే ఈ మాటలోని తీవ్రత బోధపడుతుంది. యురేనియం వంటి మూలకాల కేంద్రకాలు అస్థిరమైనవి. అవి తమంతట తాముగా విచ్ఛిన్నమవుతూ కంటికి కనిపించని కిరణాలను వెలువరిస్తాయి. దీనినే రేడియోధార్మికత అంటారు. ఈ కిరణాలు జీవకణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సరు వంటి వ్యాధులకు దారితీస్తాయి. ఒక రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. అణురియాక్టరులో ఇంధనం మండిన తరువాత మిగిలే సీజియం-137, స్ట్రాన్షియం-90 అనే పదార్థాల అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు. అంటే 30 ఏండ్లకు సగం, 60 ఏండ్లకు పావువంతు మిగులుతుంది. పది అర్ధాయువులు, అనగా 300 ఏండ్లు గడిస్తే గాని అది వెయ్యో వంతుకు చేరదు. అదే ఇంధనంలో పుట్టే ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 సంవత్సరాలు. రామప్ప చెరువు వయస్సుకు ఇది ముప్ఫై రెట్లు. నిప్పును నీటితో ఆర్పవచ్చు. విషానికి విరుగుడు వేయవచ్చు. రేడియోధార్మికతను ఆర్పే ఉపాయం లేదు. అది తగ్గే వరకు మనుషులకు, నీటికి అందకుండా దాచి ఉంచడమే మనం చేయగలిగింది.

దాచే పాత్ర ఆయుర్దాయం కంటే దాచిన వస్తువు ఆయుర్దాయం ఎక్కువ కావడమే ఇక్కడి చిక్కు. ప్రపంచంలో జరిగిన కొన్ని సంఘటనలు ఈ విషయాన్ని నిరూపిస్తున్నాయి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ అనే ప్రదేశం ఉంది. 1945లో నాగసాకిపై వేసిన బాంబుకు కావలసిన ప్లుటోనియం ఇక్కడే తయారైంది. ఆ తరువాత నాలుగు దశాబ్దాల పాటు సాగిన ఉత్పత్తిలో మిగిలిన వ్యర్థాలను భూమిలో పాతిన 177 తొట్లలో నింపారు. వాటిలో 149 తొట్లకు ఒకే పొర ఉక్కు గోడ ఉంది. రెండు మూడు దశాబ్దాలు నిలిస్తే చాలునని, ఆలోగా శాశ్వతమైన ఉపాయం దొరుకుతుందని నాటివారు భావించారు. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. సుమారు 21 కోట్ల లీటర్ల వ్యర్థం ఆ తొట్లలో పేరుకొన్నది. 67 తొట్లు కారినట్లు అధికారులే గుర్తించారు. ఈ వ్యర్థాన్ని గాజుగా మార్చే కర్మాగారం నిర్మాణం 2002లో మొదలైతే, 2025లో గాని అది గాజు పోయడం ప్రారంభించలేదు. ఒక తరం వాయిదా వేసిన పనిని మూడవ తరం తలకెత్తుకోవలసి వచ్చింది.

సోవియట్ యూనియన్‌లో జరిగినది ఇంతకంటె దారుణమైనది. ఉరల్ పర్వత ప్రాంతంలోని మయాక్ కర్మాగారంలో వ్యర్థాల తొట్లను నిరంతరం చల్లబరుస్తుండాలి. ఒక తొట్టికి చెందిన శీతలీకరణ యంత్రాంగం చెడిపోయింది. దానిని సకాలంలో బాగు చేయలేదు. 1957 సెప్టెంబరు 29న ఆ తొట్టి పేలిపోయింది. వేల చదరపు కిలోమీటర్ల నేల కలుషితమైంది. పదివేల మందికి పైగా ప్రజలను ఊళ్లు ఖాళీ చేయించారు. ఎందుకు వెళ్లిపోవలసి వచ్చిందో వారిలో చాలామందికి ఆనాడు తెలియనీయలేదు. 1989లో గాని ప్రభుత్వం ఈ దుర్ఘటనను బహిరంగంగా అంగీకరించలేదు. ఆ కర్మాగారమే కరచాయ్ అనే ఒక చెరువులోకి వ్యర్థాలను వదిలింది. 1967లో వానలు లేక ఆ చెరువు అంచులు ఎండిపోగా, అడుగున పేరుకొన్న విషధూళి గాలికి లేచి చుట్టుపక్కల ఊళ్లపై పడింది. చెరువు ఎండితే కరువు వస్తుందని మాత్రమే ఎరిగిన మనకు ఇది ఊహకందని విషయం.

జర్మనీలోని ఆస్సే అనే పాత ఉప్పుగనిలో 1967 నుంచి 1978 వరకు సుమారు 1,26,000 పీపాల అణువ్యర్థాన్ని ఉంచారు. ఉప్పుగనిలోకి నీరు రాదని నిపుణులు నమ్మారు. తరువాత కాలంలో గనిలోకి రోజుకు సుమారు 12 వేల లీటర్ల నీరు ఊరసాగింది. ఆ పీపాలన్నింటినీ తిరిగి వెలికితీయాలని 2013లో ఆ దేశం చట్టం చేయవలసి వచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవులలో, అణుపరీక్షల వల్ల కలుషితమైన మట్టిని రూనిట్ అనే దీవిలోని గుంతలో పోసి, దానిపై కాంక్రీటు గుమ్మటం కట్టారు. ఆ గుంత అడుగున ఏ పొరా వేయలేదు. పైన కాంక్రీటు బీటలు వారుతున్నది. చుట్టూ సముద్రమట్టం పెరుగుతున్నది.

ఈ సంఘటనలలో దేశాలు వేరు, రాజకీయ వ్యవస్థలు వేరు. దోషాలు మాత్రం ఒక్కటే. తాత్కాలికమని కట్టినదాన్ని శాశ్వతంగా వాడుకోవడం మొదటిది. చిన్న లోపం కనిపించినప్పుడు సరిచేయకపోవడం రెండవది. తెలిసిన విషయాన్ని ప్రజలకు చెప్పకుండా దాచడం మూడవది.

ఇదంతా పరదేశాల సంగతి అనుకోవడం పొరపాటు. తెలుగు నేలపై ఇంతవరకు అణువిద్యుత్ కేంద్రం లేకపోయినా, అణు ఇంధనం ప్రయాణంలో తొలి మజిలీలు ఇక్కడే ఉన్నాయి. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 1971లో హైదరాబాదులో స్థాపించిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మన దేశంలోని అణువిద్యుత్ కేంద్రాలకు ఇంధన కడ్డీలను తయారుచేస్తున్నది.

తుమ్మలపల్లె గనికి, శుద్ధి కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో కర్మాగారం పని ప్రారంభించింది. ప్రభుత్వరంగ సంస్థ అయిన యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దీనిని నడుపుతున్నది. ఇక్కడి రాతిలో యురేనియం అత్యల్పం. వెయ్యి కిలోల రాతిని పిండి చేస్తే అర కిలో కూడా లభించదు. మిగిలిన రాతిపిండి అంతా, శుద్ధికి వాడిన రసాయనాలతో కలిసి, గొట్టాల ద్వారా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. టెయిలింగ్ పాండ్ అని వ్యవహరించే ఈ చెరువు కె.కె. కొట్టాల గ్రామ సమీపంలో ఉంది.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. రాతిలో నుంచి యురేనియాన్ని తీసివేసినంత మాత్రాన ఆ పిండి నిరపాయకరం కాదు. యురేనియంతో పాటు రాతిలో ఉండే థోరియం-230, రేడియం-226 అందులోనే మిగిలిపోతాయి. ముడిఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం వ్యర్థంలోనే ఉంటుంది. రేడియం అర్ధాయువు 1,600 సంవత్సరాలు. థోరియం అర్ధాయువు సుమారు 75 వేల సంవత్సరాలు. థోరియం విచ్ఛిన్నమై రేడియంగా మారుతుంటుంది. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంటుంది. భూగర్భంలో గట్టి రాయిగా ఉన్నంతకాలం ఈ పదార్థాలు కదలవు. పిండి చేసి ఆరుబయట పోసినప్పుడు గాలికి ధూళిగా లేస్తాయి, వానకు నీటితో ఇంకుతాయి. గని పనిచేసేది కొన్ని దశాబ్దాలు. వ్యర్థాల చెరువును కాచవలసినది వేల సంవత్సరాలు.

చెరువు చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ బోర్ల నీరు చెడిపోయిందని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొరను నిబంధనల ప్రకారం వేయలేదన్న ఆరోపణపై 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు జారీ చేసింది. సంస్థ ఈ ఆరోపణను అంగీకరించలేదు. నియమాలను పాటించామని, యురేనియం ఉన్న నేలలో నీటిలో సహజంగానే అది కొంత ఉంటుందని వాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియాన్ని పరిమితిగా సూచించింది. ఏ బోరులో ఎంత ఉంది, గని రాక ముందు ఎంత ఉండేది, ఏటేటా ఎంత మారుతున్నది అనే లెక్కలు అందరికీ అందుబాటులో ఉంటే ఇటువంటి వివాదాలు తేలిక అవుతాయి. లెక్క లేని చోట రైతు మాటకు విలువ ఉండదు. సంస్థ మాటపై నమ్మకం ఉండదు.

వ్యర్థాల చెరువుకు గండి పడితే ఏమవుతుందో 1979లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన వల్ల తెలుస్తుంది. న్యూ మెక్సికో రాష్ట్రంలోని చర్చ్ రాక్ వద్ద యురేనియం వ్యర్థాల చెరువు ఉండేది. దాని కట్టపై బీటలు ముందే కనిపించాయి. జూలై 16న కట్ట తెగింది. వెయ్యి టన్నులకు పైగా వ్యర్థం, దాదాపు 35 కోట్ల లీటర్ల ఆమ్లద్రవం పుయెర్కో అనే వాగులోకి కొట్టుకుపోయాయి. ఆ వాగు నీటిపై ఆధారపడి గొర్రెలు మేపుకొని బ్రతికే నవాహో ఆదివాసులు నష్టపోయారు. కట్టపై బీటను చూసిన వెంటనే మట్టి వేయించే నీరటి అక్కడ లేకపోయాడు.

తెలుగు నేలపైనే మరి రెండు చోట్ల ప్రజలు ముందుగానే మేల్కొన్నారు. నాగార్జునసాగర్ జలాశయానికి సమీపంలో నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం తవ్వాలన్న ప్రతిపాదనపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్రమైన వ్యతిరేకత వ్యక్తమైంది. నల్లమల అడవిలోని అమ్రాబాద్ ప్రాంతంలో యురేనియం అన్వేషణను చెంచులు, రైతులు, విద్యార్థులు, రచయితలు ప్రతిఘటించగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కృష్ణానది నీరు తాగే లక్షలాది ప్రజల మేలును తలచి ప్రజలు చేసిన హెచ్చరికలివి.

అణుశక్తి వల్ల మేలు లేదని చెప్పడం న్యాయం కాదు. బొగ్గు పొగ లేకుండా విద్యుత్తు లభిస్తుంది. క్యాన్సరు చికిత్సకు, వ్యవసాయ పరిశోధనకు రేడియోధార్మిక పదార్థాలు ఉపయోగపడుతున్నాయి. మన శాస్త్రజ్ఞులు అధిక తీవ్రత గల ద్రవవ్యర్థాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి, ఉక్కు డబ్బాలలో బంధించే విధానాన్ని ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం కేంద్రాలలో అమలుచేస్తున్నారు. ద్రవం కారుతుంది, గాజు కారదు. ఇది మెచ్చదగిన పద్ధతి. అయితే గాజుగా మారే వరకు ఆ ద్రవం తొట్లలోనే ఉండాలి. 2003 జనవరిలో కల్పాక్కంలోని పునశ్శుద్ధి కేంద్రంలో ఒక వాల్వు చెడిపోయి, తక్కువ తీవ్రత గల వ్యర్థాల తొట్టిలోకి అధిక తీవ్రత గల ద్రవం చేరింది. ఆ సంగతి తెలియక పనిచేసిన ఆరుగురు ఉద్యోగులు పరిమితికి మించిన రేడియేషన్‌కు గురయ్యారు. అక్కడ హెచ్చరించే పరికరం అమర్చి ఉంటే ఆ ప్రమాదం తప్పేది. ఎంత గొప్ప శాస్త్రమైనా ఒక చిన్న వాల్వును కాచే శ్రద్ధపై ఆధారపడి ఉంటుందని ఈ సంఘటన తెలుపుతున్నది.

శాశ్వత పరిష్కారం కోసం ఫిన్లాండ్ దేశం 2004లో ఓల్కిలువోటో వద్ద ఒంకాలో అనే భూగర్భ నిలయాన్ని తవ్వడం ప్రారంభించింది. భూమికి 400 మీటర్లకు పైగా లోతున, దాదాపు 190 కోట్ల ఏండ్ల నాటి శిలలో, రాగి పాత్రలలో ఇంధన వ్యర్థాన్ని ఉంచి, చుట్టూ బంకమట్టి దట్టించాలని వారి సంకల్పం. మన పూర్వులు చెప్పిన ధననిక్షేపానికి ఇది సరిగ్గా తలక్రిందులైన నిక్షేపం. ధనాన్ని పాతిన వాడు భావితరాల వారికి అది దొరకాలని ఆశిస్తాడు. దీనిని పాతేవారు ఎవరికీ ఎప్పటికీ దొరకకూడదని కోరుకుంటున్నారు.

ఇక్కడే భాషకు సంబంధించిన ఒక విచిత్రమైన సమస్య ఎదురవుతుంది. ఇక్కడ తవ్వవద్దు అని పదివేల ఏండ్ల తరువాతి మనిషికి ఏ భాషలో చెప్పాలి? అమెరికాలో ఇటువంటి భూగర్భ నిలయం ఒకటి 1999 నుంచి న్యూ మెక్సికోలో పనిచేస్తున్నది. దానిపై నిలపవలసిన హెచ్చరిక చిహ్నాల గురించి శాస్త్రజ్ఞులతో పాటు భాషావేత్తలు కూడా చర్చించారు. ఈ సమస్య ఎంత కఠినమైనదో తెలుగువారికి సులభంగా అర్థమవుతుంది. తెలుగులో లభించిన తొలి శాసనాలలో ఒకటైన కలమళ్ల శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానికి చెందినది, తుమ్మలపల్లె ఉన్న కడప జిల్లాలోనే లభించింది. అది మన భాషే. దానికి పదిహేను వందల ఏండ్లు కూడా నిండలేదు. అయినా నేటి తెలుగు విద్యార్థి ఆ లిపిని చదవలేడు; చదివి వినిపించినా అర్థం గ్రహించలేడు. వ్యర్థాల చెరువులోని రేడియం సగమైనా తగ్గకముందే ఒక భాష తన వారికే అపరిచితమవుతుందన్న మాట. కనుక రాతిపై వ్రాసిన హెచ్చరికను నమ్ముకొని ఊరుకోవడానికి వీలు లేదు. ప్రతి తరం వారు ఆ హెచ్చరికను చదివి, తమ కాలపు భాషలోకి తిరిగి వ్రాసి, తరువాతి వారికి అందించాలి. రామాయణ, భారతాలు మనకు చేరినది ఈ పద్ధతిలోనే గదా!

అణువ్యర్థాల రక్షణకు చేయవలసిన పనులు ఈ ఆలోచన నుంచే ఏర్పడతాయి. వ్యర్థాల చెరువు అడుగున నీరు ఇంకని పొర వేసిన తరువాతనే చెరువును నింపాలి. చుట్టూ పరిశీలన బావులు తవ్వి, నీటిని క్రమం తప్పకుండా పరీక్షించాలి. పరీక్ష ఫలితాలను గ్రామపంచాయతీ గోడపై తెలుగులో ప్రకటించాలి. గని నడిపే సంస్థతో సంబంధం లేని ప్రయోగశాలలు కూడా పరీక్షించాలి. గని మూతపడిన తరువాత కాపలాకు కావలసిన ధనాన్ని గని పనిచేస్తున్నప్పుడే వేరుగా నిలువచేయాలి. పూర్వపు దశబంధం చేసిన పని ఇదే. పాతబడిన తొట్టి, గొట్టం, కట్ట ఆయుర్దాయం ముగియకముందే మార్చాలి. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి వంటి సంస్థల తనిఖీ నివేదికలు సామాన్యులకు అర్థమయ్యే రీతిలో వెలువడాలి.

జమ్మికుంట విద్యార్థికి ఇందులో ఏమి పని ఉందన్న సందేహం కలగవచ్చు. ఈ ప్రాంతానికి ఉత్తరాన రామగుండంలో బొగ్గుతో విద్యుత్తు తయారుచేసే కేంద్రం 1980ల నుంచి నడుస్తున్నది. దాని బూడిద కూడా చెరువులలోకే చేరుతుంది. బూడిద అణువ్యర్థం కాదు. దాని తీవ్రత చాలా తక్కువ. అయినా కట్ట భద్రంగా ఉందా, నీరు ఇంకుతున్నదా, ఎండిన బూడిద ఊళ్ల మీద పడుతున్నదా అని అడగవలసిన ప్రశ్నలు అవే. పత్తి మార్కెట్టుకు పేరు పొందిన జమ్మికుంట చుట్టుపక్కల రైతులు బావులు, బోర్ల నీటిని వాడుకొంటున్నారు. ఆ నీటిలో ఏముందో పరీక్షించి తెలుసుకొనే అలవాటు కళాశాలలోనే మొదలుకావాలి. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి తన ఊరి బోరునీటిని పరీక్షించవచ్చు. చరిత్ర చదివే విద్యార్థి తన ఊరి చెరువుకు ఎప్పుడు గండి పడిందో పెద్దలను అడిగి వ్రాయవచ్చు. తెలుగు చదివే విద్యార్థి ఆంగ్లంలో ఉన్న తనిఖీ నివేదికను ఊరివారికి అర్థమయ్యే తెలుగులోకి మార్చవచ్చు. నీరటి కట్ట మీద తిరిగి చేసిన పనికి ఇవి నేటి రూపాలు.

సప్తసంతానాలను నిలిపిన వారికి పుణ్యం దక్కుతుందని పెద్దలు చెప్పారు. ఎనిమిదవ సంతానాన్ని కాచేవారికి పుణ్యం మాట ఎట్లున్నా, పేరు కూడా దక్కకపోవచ్చు. ప్రమాదం జరగకుండా ఆపినవాడి పేరు ఎవరికీ తెలియదు. విద్యుత్తును అనుభవించిన తరం మనది. వ్యర్థాన్ని భరించే తరాలు ముందున్నాయి. వారి కోసం కట్టను చూసి, లెక్క వ్రాసి, నిజం చెప్పడం మన విధి.

కఠిన పదాలు - అర్థాలు

తటాకం = చెరువు
నిక్షేపం = పాతిపెట్టిన నిధి
ఉదాత్తం = ఉన్నతమైనది
నీరటి = చెరువు తూమును, కట్టను కనిపెట్టి ఉండే గ్రామ సేవకుడు
మత్తడి = చెరువు నిండినప్పుడు నీరు పొర్లిపోవడానికి కట్టిన అలుగు
దశబంధం = చెరువుల మరమ్మతు కోసం ఇచ్చిన మాన్యం
ఒండ్రు = నీటి అడుగున పేరుకొనే సారవంతమైన మట్టి
గండి = కట్ట తెగిన చోటు
అర్ధాయువు = రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. అణువ్యర్థాలను భద్రపరచిన స్థలాలలో వివిధ దేశాలలో జరిగిన ప్రమాదాలను, వాటికి గల కారణాలను వివరించండి.
2. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు విషయంలో రైతుల వాదనను, సంస్థ వాదనను తెలిపి, వివాద పరిష్కారానికి కావలసినదేమిటో చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. సప్తసంతానాలు ఏవి? వాటి వెనుక ఉన్న భావన ఏమిటి?
2. యురేనియం తీసివేసిన తరువాత కూడా రాతిపిండి ప్రమాదకరం కావడానికి కారణమేమి?
3. కలమళ్ల శాసన ప్రస్తావన ద్వారా పాఠం తెలిపిన విషయమేమిటి?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి

1. కట్టించిన వాడి గొప్పతనం వల్ల చెరువు పుడుతుంది. కాచేవాడి శ్రద్ధ వల్ల బ్రతుకుతుంది.
2. లెక్క లేని చోట రైతు మాటకు విలువ ఉండదు. సంస్థ మాటపై నమ్మకం ఉండదు.

ఈ. వ్యాకరణం

సంధులు: లోకోపకారం = లోక + ఉపకారం (గుణసంధి); దేవాలయం = దేవ + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి); అత్యల్పం = అతి + అల్పం (యణాదేశ సంధి)

సమాసాలు: సప్తసంతానాలు = ఏడు సంఖ్య గల సంతానాలు (ద్విగు సమాసం); కృష్ణానది = కృష్ణ అను పేరు గల నది (సంభావనా పూర్వపద కర్మధారయం)

ఉ. కృత్యం

మీ ఊరి చెరువు లేదా కుంటను సందర్శించి, దాని కట్ట, తూము, మత్తడి స్థితిని, నీటి నాణ్యత గురించి గ్రామస్థుల అభిప్రాయాలను నమోదు చేసి, ఒక పుటకు మించకుండా నివేదిక వ్రాయండి.